తలుపు అనే ఇంటిపేరు
(ఇంటిపేర్ల చరిత్ర – 5)

పోయిన నెల ఒక సాయంత్రం నా పాత స్టూడెంట్ ఒకమ్మాయి లాలాపేటలో మా ఇంటికొచ్చింది. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదివింది. ఇప్పుడు ఫ్రాన్స్‌లో పీజీ సీటు వచ్చింది. చేతిలో పాస్‌పోర్టు ఫారం. అన్నీ నింపింది, సర్‌నేమ్ గడి దగ్గర పెన్ను ఆపింది.

"ఇంటిపేరు తీసేస్తే ఏమైతది మేడమ్?" అని అడిగింది.

ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను. వాళ్ల జిల్లాలో అది వినగానే ఊరికి ఏ దిక్కున ఇల్లో తెలిసిపోతుంది. హాస్టల్లో తెలిసింది. అద్దె గది వెతికినప్పుడు తెలిసింది. "అక్కడన్నా ఇది లేకుండ బతుకుత మేడమ్" అంది.

నేను వెంటనే క్లాసు మొదలుపెట్టాను. పేరు దాచుకోవడమంటే ఓడిపోవడమేనన్నాను. మన పేరు మనం తలెత్తి చెప్పుకోవాలన్నాను. అంబేడ్కర్‌ని తెచ్చాను, దండోరాని తెచ్చాను. అంతా విని నెమ్మదిగా ఒకే మాట అంది.

"మీకు సొంత ఇల్లుంది కద మేడమ్."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కట్టిన రెండు గదుల ఇల్లు మాది. నాకు మొదటి ఉద్యోగం దూరంగా వచ్చినప్పుడు మూడు నెలలు ఇల్లు వెతికిన సంగతి మర్చిపోయాను. టూ లెట్ బోర్డు చూసి గేటు తీస్తే, ఓనరు గారు జీతం అడగకముందే "మీరేమోళ్లమ్మా?" అని అడిగేవారు. ఇంటిపేరు చెప్తే ఇల్లు దొరికేది కాదు. నేను నా ఇంటిపేరును గట్టిగా చెప్పుకోవడం మొదలుపెట్టింది ఈ ఇంట్లోకి తిరిగొచ్చాకనే.

కాబట్టి ఆ అమ్మాయికి ఒక జవాబు బాకీ పడ్డాను. ఆమె పోయేది ఫ్రాన్స్‌కు కనుక ఫ్రెంచి పేర్ల దారిలోనే వెతికాను. ఆ దారి మన ఊరి నుంచే మొదలైంది.

*

హైదరాబాద్‌లో జనం రోజూ పలికే ఫ్రెంచి పేరు ఒకటుంది. పలికేవాళ్లలో చాలామందికి అది ఫ్రెంచి అని తెలీదు. మూసారాంబాగ్.

మిషెల్ జోకిమ్ మరీ రేమండ్ 1755లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. రెండో నిజాం అలీ ఖాన్ దగ్గర సేనాని అయ్యాడు. 1798లో చనిపోయాడు. మలక్‌పేట దగ్గర అస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి ఉంది. హిందువులు ఆయన్ను మూసారామ్ అన్నారు, ముస్లింలు మూసా రహీమ్ అన్నారు. ఆ పిలుపు తోటకు అంటుకుంది, తోట పోయి బస్తీ అయ్యింది, ఇవాళ మెట్రో స్టేషన్ అయ్యింది.

వారసుల లెక్కతో పని లేకుండా ఒక ఇంటిపేరు రెండు వందల ఏళ్లు బతికింది. ఎందుకంటే దాని కింద భూమి ఉంది. ఆయన ఫిరంగులు పోసిన చేతుల పేర్లు ఎక్కడా లేవు. మా పక్కనే లాలాగూడలో నిజాం రైల్వే 1893లో వర్క్‌షాప్ పెట్టింది. దాని కోసం రాళ్లు మోసి, ఇనుము కరిగించినవాళ్ల పేరుతో ఒక్క గల్లీ లేదు. పేరు నిలవడానికి రక్తం కంటే భూమి, రిజిస్టరు ముఖ్యం. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

*

ఇప్పుడు యానాం పోదాం. గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊరు 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. హిందూ మహాసముద్రంలో ఫ్రెంచివాళ్ల చెరకు దీవి రీయూనియన్‌కు మొదట చేరిన భారతీయ ఒప్పంద కూలీలు 1828లో ఈ యానాం నుంచి పోయిన పదిహేనుమంది. ఫ్రెంచి కాగితాలు వాళ్లను 'తెలింగాలు' అన్నాయి. మనవాళ్లే.

అప్పటికి ఆ దీవిలో బానిసత్వం నడుస్తోంది. అది 1848 డిసెంబరు 20న రద్దయ్యింది. ఒక్కరోజులో దాదాపు 62 వేలమంది స్వేచ్ఛా పౌరులయ్యారు. ఫ్రాన్స్ చట్టంలో ఇంటిపేరు లేని పౌరుడుండడు. బానిసకేమో ఇంటిపేరు ఉండదు. అందుకని గుమస్తాలు రిజిస్టర్లు పట్టుకుని కూర్చుని పేర్లు పంచారు. ఒక నియమం పెట్టుకున్నారు: ఆ దీవిలో ఉన్న తెల్ల కుటుంబాల ఇంటిపేర్లు, వాళ్ల అనుమతి లేకుండా వీళ్లకు ఇవ్వకూడదు. అందుకే కొన్నిచోట్ల అక్షరాలు తిరగేసి కొత్త పేర్లు తయారుచేశారు. పురాణాల్లోంచి తీశారు, కేలండర్లోంచి తీశారు.

యజమాని ఇంటిపేరు అంటరానిది, మనిషి చేసిన చాకిరీ మాత్రం అంటుకోవచ్చు. ఈ తర్కం మనకు కొత్తా?

*

పక్కనే మారిషస్. 1810లో బ్రిటిష్‌వాళ్లు గెలుచుకున్నా, భాషలోనూ సివిల్ చట్టంలోనూ ఫ్రెంచి అలవాట్లు అక్కడ పోలేదు. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల దాకా దాదాపు అయిదు లక్షలమంది భారతీయ కూలీలు ఆ దీవిలో దిగారు. ఉత్తరాంధ్ర, గోదావరి తీరాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు వాళ్లలో ఉన్నారు. కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్లను అక్కడ 'కోరంగీలు' అనేవారు.

ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు. నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు. ఆ రిజిస్టర్లు ఇవాళ మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఇంటిపేరు అడిగినవాళ్లు లేరు. మనిషిని పిలిచే ఒక్క పేరునే గుమస్తా తనకు వినిపించినట్టు రాసుకున్నాడు. ఆ పేరే పిల్లలకు ఇంటిపేరైంది.

అలా మన సింహాచలం అప్పన్న పేరు ఫ్రెంచి స్పెల్లింగులో ఒక ఇంటిపేరైంది. నతాషా అప్పన్నా ఇవాళ ఫ్రెంచి సాహిత్యంలో పేరున్న నవలా రచయిత్రి. 1973లో మారిషస్‌లో పుట్టింది, 1998లో ఫ్రాన్స్ వెళ్లింది. తెలుగు కూలీల వంశం. 2003లో వచ్చిన ఆమె మొదటి నవల మారిషస్‌కు తరలించిన భారతీయ కూలీల గురించే. 2023లో వచ్చిన 'లా మెమ్వార్ దెలావే' అన్న పుస్తకంలో ఆమె నేరుగా తన పూర్వీకుల దగ్గరికే పోయింది. వెలిసిపోయిన జ్ఞాపకం అని ఆ పేరుకు అర్థం. తెలుగు రాకుండా తెలుగు పేరు మోస్తున్న మనిషి, ఆ పేరు ఎక్కడిదో వెతుక్కుంటూ నంబర్ల దాకా వెళ్లడం మామూలు విషయం కాదు.

ఆ దీవిలో 'అప్పడూ' అనే ఇంటిపేరు కూడా ఉంది. తెలుగు చెవికి దాంట్లో 'అప్పడు' వినబడుతుంది. మన ఊళ్లల్లో 'అయ్య' ఎవరి పేరు చివర ఉండాలో, 'డు' ఎవరి పేరు చివర ఉండాలో ఒక రాయని చట్టం నడిచింది. మాలమాదిగ పేటలో ఎల్లయ్య పుట్టినా దొర గడీలో ఎల్లిగాడే. వేల మైళ్ల అవతల 'డు'తో ముగిసే పేరు ఓటరు లిస్టులో, బడి రిజిస్టర్లో, కోర్టు కాగితంలో గౌరవంగా కూర్చుంది. దాన్ని వినగానే కులం పసిగట్టే చెవి అక్కడి గుమస్తాకు లేదు, అంతే. పేరు మారలేదు, వినేవాడు మారాడు.

*

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఇచ్చిన పేర్లు, రాసిన పేర్లు. ఎంచుకున్న పేర్ల కథ పాండిచ్చేరిలో ఉంది.

1873లో పొన్నుతంబి పిళ్లై అనే తమిళ లాయరు బూట్లు, మేజోళ్లు వేసుకుని పాండిచ్చేరి కోర్టులోకి నడిచాడు. స్థానికులు తెల్లవాళ్లలాగా బూట్లు వేసుకుని రాకూడదని జడ్జి బయటికి పంపాడు. పొన్నుతంబి ఊరుకోలేదు. పారిస్‌లోని పై కోర్టు దాకా పోయి గెలిచాడు.

బూట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. అగ్రకుల వీధిలోకి రాగానే చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని నడిచిన మన తాతలకు ఆ జడ్జి భాష బాగా తెలుసు. చెప్పులు కుట్టే కులమే చెప్పులు తొడగకూడదన్న ఊళ్లు మనవి. పొన్నుతంబి వెల్లాల కులస్తుడు. ఆయన పాదాల మీద పడ్డ ఆంక్ష ఒక కోర్టు హాలు మేరకే. మన పాదాల మీద పడ్డది ఊరు ఊరంతా. అయినా ఆయన పోరాటాన్ని చిన్నది చేయను. ఎందుకంటే దాని వెనకాల వచ్చినదాన్ని వాడుకున్నది మనవాళ్లు.

1881 సెప్టెంబరు 21న ఫ్రాన్స్ ఒక డిక్రీ ఇచ్చింది. యానాంతో సహా ఫ్రెంచి ఇండియా అంతటికీ వర్తించింది. దాని సారం ఇది: ఏ భారతీయుడైనా సరే, తన కుల, మత ఆచారాల చట్టాన్ని వదులుకుంటున్నానని అధికారి ముందు చెప్పొచ్చు. ఆ రోజు నుంచి పెళ్లి, వారసత్వం, ఆస్తి అన్నింటికీ అతనికి ఫ్రెంచి సివిల్ చట్టమే. వెనక్కి తీసుకోవడం ఉండదు. అలా వదులుకున్న మనిషి తన కుటుంబానికి ఒక ఇంటిపేరు ఎంచుకోవాలి.

వీళ్లను ఫ్రెంచిలో 'రెనోన్సాన్' అన్నారు. వదులుకున్నవాళ్లు అని అర్థం.

ఇందులో ఒక విచిత్రం చూడండి. ఫ్రాన్స్‌లో పుట్టిన ఫ్రెంచివాడికి పేరు ఎంచుకునే హక్కు లేదు. పుట్టిన సర్టిఫికెట్లో ఉన్న పేరు తప్ప వేరే పేరు పెట్టుకోకూడదని విప్లవ కాలంలోనే, 1794 ఆగస్టు 23న, చట్టం చేశారు. పాండిచ్చేరి పేటలో కూలికి పోయే మనిషికి మాత్రం 1881లో ఆ హక్కు వచ్చింది. ఏ పేరు కావాలో చెప్పు, రాసుకుంటాం అన్నారు.

మొదట ముందుకొచ్చిన పొన్నుతంబి 'లాపోర్త్' అని రాయించుకున్నాడు. లా పోర్త్ అంటే తలుపు. తన వెనక వచ్చేవాళ్లకు తలుపు తీస్తున్నానని ఆ పేరుకు అర్థం చెప్తారు.

ఆ తలుపులోంచి ఎవరు నడిచారు? ఆయన కులంవాళ్లు ఎక్కువమంది రాలేదు. వదులుకోవడానికి వాళ్లకు చాలా ఉంది. ఎక్కువగా నడిచినవాళ్లు పరయ్యలు, కింది కులాల క్రైస్తవులు. 'కుల ఆచారాన్ని వదులుకుంటావా?' అని అధికారి అడిగితే, వాళ్లు వదులుకున్నది ఏమిటి? వెట్టి. బావి దగ్గర దూరం నిలబడటం. చర్చిలో కూడా వేరే వరుస. ఇంత చవకగా పౌరసత్వం ఇంకెక్కడ దొరుకుతుంది! కొందరు ఫ్రెంచి పేర్లు ఎంచుకున్నారు, కొందరు బాప్తిస్మం పేరునే ఇంటిపేరు చేసుకున్నారు. చాలామంది సైన్యంలో చేరారు, సైగాన్ వైపు ఉద్యోగాలకు వెళ్లారు. అక్కడ తెల్లవాళ్లతో సమానంగా చూడాలని కొట్లాడారు.

*

ఇక్కడితో కథ ఆపితే బాగుంటుంది. ఆపితే అబద్ధమవుతుంది.

పాండిచ్చేరి అగ్రకుల నాయకత్వానికి ఈ కొత్త పేర్లు నచ్చలేదు. చణ్ముగం వేలాయుద మొదలియార్ అనే నాయకుడు వీళ్లకు ఎదురు నిలబడ్డాడు. రెనోన్సాన్‌లకు ఫ్రెంచివాళ్లతో సమానంగా ఓటు ఉండాలా అన్న గొడవ పెరిగింది. 1884లో ఓటర్లను మూడు లిస్టులు చేశారు. ఒకటి యూరోపియన్లది. ఒకటి వదులుకున్నవాళ్లది. ఒకటి వదులుకోనివాళ్లది. అంటే కులం వదిలి పౌరుడైనవాడికి మళ్లీ ఒక కులం తయారుచేశారు. 1899లో ఆ నడిమి లిస్టును కూడా ఎత్తేశారు. చదువు, సర్వీసు లాంటి అర్హతలున్న కొద్దిమందిని పై లిస్టులో కలిపి, మిగతావాళ్లను కింది లిస్టులోకి తోశారు.

పేరు ఇచ్చిన చెయ్యే వరుస కూడా గీసింది. పేరు మార్చుకుంటే తలుపు తెరుచుకుంటుంది, నిజమే. లోపల కుర్చీ ఎవరికి వేయాలన్నది వేరే కొట్లాట.

1962 ఆగస్టు 16న ఫ్రెంచి ఇండియా చట్టబద్ధంగా మన దేశంలో కలిసింది. ఫ్రెంచి పౌరులుగా ఉండాలనుకునేవాళ్లు ఆరు నెలల్లో రాసివ్వాలన్నారు. రెనోన్సాన్ కుటుంబాలు కూడా మళ్లీ కాగితం ముందు నిలబడాల్సి వచ్చింది. రాసిచ్చినవాళ్లు ఫ్రెంచివాళ్లుగా మిగిలారు, మిగతావాళ్లు భారతీయులయ్యారు. ఆ పేర్లు ఇవాళ పాండిచ్చేరిలో ఉన్నాయి, రీయూనియన్‌లో ఉన్నాయి, పారిస్ శివార్లలో ఉన్నాయి.

*

మరి ఇవాళ ఆ పేర్లు ఎంతమందికి ఉన్నాయి? ఇంటిపేర్ల మీద పనిచేసేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఇదే.

ఫ్రాన్స్‌లో దీనికి లెక్క ఉంది. ఆ దేశపు గణాంక సంస్థ ఇన్సే, 1891 నుంచి 2000 దాకా జరిగిన జననాలను ఇంటిపేరు వారీగా, దశకాల వారీగా లెక్క కట్టింది. మరీ అరుదైన పేర్లు ఆ పట్టికలో విడిగా కనబడవు, వాటన్నిటినీ కలిపి 'ఇతర పేర్లు' అని ఒకే వరుసలో పెట్టారు.

మన కథలోని రెండు పేర్లను ఈ లెక్క ముందు పెట్టి చూడండి. లాపోర్త్ ఫ్రాన్స్‌లో చాలా మామూలు ఇంటిపేరు. వేలమందికి ఉంది. పాండిచ్చేరి లాపోర్త్ ఆ గుంపులో కలిసిపోయాడు, లెక్కలో విడదీసి చూపలేం. అప్పన్నా మాత్రం అరుదైన పేరు. ఎక్కడున్నా వెతికి పట్టుకోవచ్చు. తలుపు అని పేరు పెట్టుకున్నవాడు గుంపులో మాయమయ్యాడు. గుమస్తా రాసిన పేరు మోస్తున్నామె దూరం నుంచే కనబడుతోంది.

కాబట్టి ఒక పేరు అరుదా, మామూలా అన్నది రక్తం చెప్పదు. మగపిల్లలు ఎంతమంది పుట్టారు, ఎవరికి భూమి ఉంది, గుమస్తా ఏ అక్షరం రాశాడు, ఎవరు ఓడెక్కారు, ఇవన్నీ కలిసి చెప్తాయి. అరుదైన పేరున్నందుకు గర్వపడే కులీనులున్నారు. మనకు మాత్రం అరుదైన పేరంటే అందరికీ కనబడే పేరు. కనబడటం ఎప్పుడూ క్షేమం కాదు.

మన దగ్గర ఇంటిపేర్ల లెక్క ప్రభుత్వం తీయదు. తెలంగాణలో 2024 చివర ఇంటింటి సర్వే చేసి కులం లెక్క తీశారు. ఎస్సీలు 17.43 శాతం అని తేలింది. అంత పెద్ద సర్వే అవసరమైన ఆ లెక్కను మన ఇంటి ఓనర్లు గేటు దగ్గర నిలబడి ఒక్క ప్రశ్నతో తీస్తున్నారు.

*

పేరు ఎంచుకున్న చరిత్ర మనకు మాత్రం లేదా? ఈ హైదరాబాద్‌లోనే ఉంది.

1888లో మాల కుటుంబంలో మాదరి భాగయ్య పుట్టాడు. ఇంటి గురువు 'రెడ్డి' చేర్చాడు, 1913లో ఆర్యసమాజ్ 'వర్మ' చేర్చింది. భాగ్యరెడ్డివర్మ అయ్యాడు. రాజుల పేర్లు, ఏలేవాళ్ల పేర్లు తెచ్చి మాల పిల్లాడి పేరుకు తొడిగాడు. పాండిచ్చేరిలో బూట్లు చేసిన పని ఇక్కడ ఆ రెండు మాటలు చేశాయి. అంతటితో ఆగలేదు. 1917 నవంబరులో బెజవాడలో పంచముల మహాసభకు అధ్యక్షత వహించి, మనం పంచములం కాదు ఆది ఆంధ్రులం అని జాతి పేరే మార్పించాడు. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాద్ రాష్ట్రంలో ఆది హిందువులని రాయించడం వెనక ఉన్నది కూడా ఆ ఉద్యమమే.

సక్పాల్ కుటుంబంలో పుట్టిన పిల్లాడు బడి రిజిస్టర్లో అంబేడ్కర్ అయిన సంగతి మీకు తెలిసిందే.

ఇక 1994 జూలై 7. ప్రకాశం జిల్లా ఈదుముడి. దండోరా కార్యకర్తలు తమ పేర్ల చివర 'మాదిగ' అని పెట్టుకున్నారు. రెడ్డి, చౌదరి, శర్మ అని పెట్టుకున్నప్పుడు ఎవరికీ గుచ్చుకోని తోక అక్కడ అందరికీ గుచ్చుకుంది. తిట్టుగా వాడిన మాటను సంతకం చేశారు.

భాగ్యరెడ్డివర్మది ఒక దారి. ఈదుముడిది ఇంకొక దారి. ఒకటి వాళ్ల పేరును లాక్కోవడం, ఇంకొకటి మన పేరును పైకెత్తడం. వీటిలో ఏది సరైందని మన మీటింగుల్లో గంటలు గంటలు కొట్లాడుకున్నాం. నేను కూడా కొట్లాడాను. రెండో దారే అసలు దారి అన్నాను, ఆ సాయంత్రం ఆ అమ్మాయికి చెప్పినట్టే.

ఒక సంగతి మర్చిపోయాను. ఈదుముడి నుంచి పేరు ఒంటరిగా బయటికి రాలేదు. వెనక ఊరేగింపు ఉంది, డప్పు ఉంది, వందల ఊళ్లు ఉన్నాయి. ఉద్యమం తోడున్న మనిషి పేరును ఎత్తుకుని నడవగలడు. పాస్‌పోర్టు ఫారం ముందు ఒక్కతే కూర్చున్న ఇరవై రెండేళ్ల పిల్ల చేత, ఉద్యమం మోయాల్సిన బరువును మోయించాలనుకోవడం న్యాయం కాదు.

*

పోయిన ఆదివారం ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి నేను ఉపన్యాసం ఇవ్వలేదు, పైన రాసినదంతా కథలాగ చెప్పాను. టీ తాగుతూ విన్నది. లాపోర్త్ దగ్గర నవ్వింది. మూడు లిస్టుల దగ్గర నవ్వు ఆగిపోయింది.

"తీసేయాలనుకుంటే తీసేయ్. గెజెట్‌లో వేయించే పని నేను చూసుకుంటా. ఉంచుకుంటే ఉంచుకో. రెండిటిలో ఏదీ ఓడిపోవడం కాదు. ఎంచుకునేది నువ్వు కావాలి, అంతే" అన్నాను.

"అక్కడోళ్లకు మన ఇంటిపేర్లు తెల్వదు కద మేడమ్?" అని అడిగింది.

ఫ్రెంచివాళ్లకు తెలీదు. అక్కడి తెలుగువాళ్లు మాత్రం మొదటి పలకరింపులోనే అడుగుతారని చెప్పాను. అబద్ధం చెప్పి పంపలేను కదా. ఫ్రెంచివాళ్లకు కూడా రంగు చూసి వేసే లెక్కలు వేరే ఉంటాయని చెప్పాను.

కాసేపు ఆలోచించి పెన్ను తీసింది. ఆ గడిలో ఏం రాసిందో మీకు చెప్పను. అది ఆమె పేరు, ఆమె ఎంచుకున్నది.

మీలో ఎవరి ఇంటిపేరు వెనక ఏ కథ ఉందో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఊరి పేరా, పని పేరా, దొర పెట్టిందా, గుమస్తా రాసిందా? నానమ్మలు, అమ్మమ్మలు ఉన్నప్పుడే రాసిపెట్టుకోండి. మన పేర్లకు రిజిస్టరు మనమే రాసుకోవాలి. ఇల్లు అద్దెకు ఇవ్వగలిగే స్థితిలో ఉన్నవాళ్లు ఇంకొక పని కూడా చేయండి. గేటు దగ్గరికి వచ్చిన పిల్లను అద్దె ఎంత ఇవ్వగలదో అడగండి. ఇంటిపేరు అడగకండి. మా ఇంటి పైన గది ఒకటి ఖాళీ అవుతోంది. నేను ఆ పని అక్కడ మొదలుపెడుతున్నాను.

జై భీమ్.